ఊడ్చిన తోట

కాయలు లేవు. మనిషీ లేడు.

సోమవారం ఉదయం స్టేషన్ మెట్లెక్కేసరికి ఎస్సై దుర్గాశ్రీ కోసం ఇద్దరు కాచుకుని ఉన్నారు. ఒకరు లోపల కుర్చీలో. ఒకరు బయట వరండాలో, గోడకి ఆనుకుని నేల మీద.

కుర్చీలో ఉన్నది మంగరాజు. కొత్తపేట దాటాక వెలగలంకలో ఆరెకరాల కొబ్బరితోట ఆయనది. కొబ్బరి నీడలో కోకో వేశాడు.

"తోటంతా దోచేసేడండి," అన్నాడు. "కోతకి మనుషుల్ని తీసుకుని వెళ్తే కోకో చెట్లకి కాయల్లేవు. మా కాపలాదారు సాలమోను పని. నిన్నటి నుంచి పరారీ."

వరండాలో ఉన్నది సుందరమ్మ. సాలమోను భార్య.

"మా ఆయన కనబడట్లేదండి," అంది. "నిన్న చర్చిలో మధ్యలో లేచి వెళ్ళిపోయేరు. ఇంటికి రాలేదు."

దుర్గాశ్రీ రెండు కంప్లైంట్లూ తీసుకుంది.

హెడ్ కానిస్టేబుల్ ముత్యాలరాజు ఆ రెండు కాగితాలనీ పక్కపక్కన పెట్టి చూశాడు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. నవ్వకుండా జోకులు వేయడం ఆయన అలవాటు.

"ఒకరికి దొంగ కావాలి మేడం, ఒకరికి మొగుడు కావాలి. ఒక్కణ్ణి పట్టుకుంటే రెండు కేసులూ క్లోజ్. ఇలాంటి బేరం మళ్ళీ రాదు."

"పట్టుకోండి మరి."

"ఆయ్."

మధ్యాహ్నానికి సాలమోను బైక్ దొరికింది. గోదావరి గట్టు మీద, రేవు పక్కన. తాళం బండికే ఉంది. సెల్ ఫోన్ ఇంట్లో వదిలేశాడు. టవర్ లొకేషన్ మీద ఆశ లేదు.

సుందరమ్మ బైక్ వైపు చూడలేదు. నీళ్ళ వైపు చూసింది.

రెండు పడవలు సాయంత్రం దాకా గాలించాయి. ఏమీ దొరకలేదు.

ఊళ్ళో రెండు మాటలు. డబ్బుతో పారిపోయాడని సగం ఊరు. సిగ్గుతో దూకేశాడని సగం ఊరు. దొంగ అన్న దగ్గర మాత్రం ఊరంతా ఒకటే.

గట్టు మీదే దుర్గాశ్రీ సుందరమ్మని కూర్చోబెట్టి అడిగింది.

"చర్చిలో ఏం జరిగింది?"

"ఏం జరగలేదండి."

"జరగకపోతే ఎందుకు లేచి వెళ్ళారు?"

సుందరమ్మ కొంగు వేలికి చుట్టుకుంది.

"శనివారం మంగరాజుగారు రోడ్డు మీద అందరి ముందూ అడిగేరండి, కాయలెక్కడ అమ్మేవురా అని. తెల్లారి ఆదివారం. కానుకల సంచి ఎప్పుడూ ఈయనే తిప్పుతారు. నా పెళ్ళి కాకముందు నుంచీ ఈయనే. నిన్న సంఘపెద్ద దానంగారు ఆ సంచి తీసుకెళ్ళి పక్క వరసలో వాళ్ళ చేతికిచ్చేరు. ఈయన్ని ఒక్క మాట అనలేదండి. కోప్పడలేదు. సంచి మాత్రం ఇవ్వలేదు."

"ఆయనేం చేశారు?"

"చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారండి."

పడవ వాళ్ళు ఒడ్డుకి వస్తున్నారు. ఖాళీ వలలు.

"అమ్మా," అంది సుందరమ్మ. "ఉన్నారో లేదో ఆ దేవుడికి తెలుసు. అది మిమ్మల్ని అడగను. దొంగ కాదని మాత్రం మీ నోటితో అనండి. ఎక్కడున్నా ఆ మాట చెవిన పడితే వస్తారు. పడకపోతే ఆ మనిషి ఇంక ఊళ్ళో కాలు పెట్టరు. నాకు తెలుసు."

*

మంగళవారం ఉదయం దుర్గాశ్రీ తోటకి వెళ్ళింది.

గేటు దగ్గరే ఒక ముసలావిడ ఆపింది. చేతిలో కొబ్బరి ఈనెల చీపురు.

"చెప్పులు విప్పి రండమ్మా."

"ఇది తోట కదండీ?"

"తోటే. విప్పి రండి."

ఆవిడ కనకరత్నం. మంగరాజు తల్లి. దుర్గాశ్రీ బూట్లు విప్పింది. ముత్యాలరాజు కూడా విప్పాడు. సాక్సుకున్న చిల్లు కనబడకుండా వేళ్ళు ముడుచుకున్నాడు.

దుర్గాశ్రీ కోనసీమలో చాలా తోటలు చూసింది. ఇలాంటిది చూడలేదు. కింద ఆకు లేదు. మట్ట లేదు. కొబ్బరి డొక్క లేదు. నేల మీద చీపురు గీతలు, తల దువ్వినట్టు. అంత తోటలో పురుగు చప్పుడు కూడా లేదు.

"రోజూ ఊడుస్తారా?"

"రెండు పూటలా. ఆకు పడితే తీసేస్తాం. తీసింది తగలెడతాం. సాలమోను పొద్దునా సాయంత్రం పొగ మిషను పట్టేవాడు. వాడు పోయిన దగ్గర్నుంచీ పొగ లేదు. ఇప్పుడెవరు పడతారో."

"ఎందుకండీ ఇదంతా?"

కనకరత్నం గేటు పక్కనున్న ఇంటి వరండా వైపు చూసింది. గోడకి ఫోటో. స్కూల్ యూనిఫాంలో ఎనిమిదేళ్ళ పాప. దండ తాజాగా ఉంది.

వెనకే వచ్చిన మంగరాజు గొంతు తగ్గించి చెప్పాడు. పాప పేరు అక్షయ. ఆయన కూతురే. పోయిన వానాకాలం డెంగ్యూ. తోటలో ఆడుకుని వచ్చిన సాయంత్రం జ్వరం వచ్చింది. కాకినాడ తీసుకెళ్ళారు. వెనక్కి తీసుకొచ్చారు.

"అప్పటి నుంచీ అమ్మకి ఇదే పనండి. నేను తోటలో అడుగు పెట్టలేదు. మొన్న కోతకే రావడం."

దుర్గాశ్రీ ప్రశ్నలు మొదలుపెట్టింది.

"సాలమోను కాయ కోయడం ఎవరైనా చూశారా?"

"లేదండి."

"బండిలో వేసుకెళ్ళడం?"

"లేదండి."

"ఎక్కడైనా అమ్మాడా?"

"తెలీదండి."

"మరి అతనే అని ఎలా అన్నారు?"

"ఇంకెవరున్నారండీ ఇక్కడ? పైగా సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు ఫోన్ చేసేడు. బాబుగారూ ఈసారి కాయ పడట్లేదండి, ఒకసారి వచ్చి చూడండి అని. ముందే దారి వేసుకున్నాడు."

"మీరేమన్నారు?"



"సర్లే అన్నానండి. వచ్చి చూసే ఓపిక లేదప్పుడు."

కోకో కాయ కొమ్మల చివర కాయదు. మొద్దుకే కాస్తుంది, మనిషి చేతికందే ఎత్తులో. దుర్గాశ్రీ వరసల మధ్య నడిచింది. మొద్దులన్నీ నున్నగా ఉన్నాయి. చివరి వరస దగ్గర ఆగింది.

అక్కడ కాయలున్నాయి. పచ్చగా, పసుప్పచ్చగా, చెట్టుకి నాలుగేసి. ఆ వరస పక్కనే కంచె. కంచె పొడవునా రోడ్డు దాకా జగ్గారావు తోట.

"ఇవి వదిలేశాడేం?"

"జగ్గారావు తోటలోంచి కనబడతాయని వదిలేసి ఉంటాడండి," అన్నాడు మంగరాజు.

దుర్గాశ్రీ తలూపింది. మనసులో మాత్రం లెక్క కుదరలేదు. సంచి పట్టుకుని వచ్చిన దొంగకి ముందు అందే కాయలివి. వీటిని ముట్టుకోకుండా లోపలి ఆరెకరాలూ దులిపేశాడా?

*

జగ్గారావు తోటలో బూట్లు విప్పమని ఎవరూ అనలేదు. విప్పినా పెట్టే చోటు లేదు.

నరికిన అరటి బోదెలు నరికిన చోటే పడి కుళ్ళుతున్నాయి. పగలగొట్టిన కోకో తొక్కలు గుట్టలుగా నల్లబడ్డాయి. తడి ఆకుల్లో కాలు దిగబడుతోంది. ముసురుతున్న పురుగుల మధ్య జగ్గారావు బనీనుతో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"నన్నూ తీసుకెళ్తారేంటండీ? ఇలాగే రానా, చొక్కా వేసుకోనా?"

"కూర్చోండి. మీకు కాయ బాగా దిగిందట."

"దిగిందండి. దిగిన దగ్గర్నుంచీ అందరి కళ్ళూ ఇటే."

"సాలమోను మీకేమైనా అమ్మాడా?"

"సాలమోనా?" జగ్గారావు బీడీ పక్కన పెట్టాడు. "ఆళ్ళ కొబ్బరికాయ గాలికి ఇటు పడితే, కంచె అవతల నుంచుని, జగ్గారావుగారూ తీసుకోమంటారా అని అడుగుతాడండి. ఆళ్ళ కాయే. ఆ మనిషి నాకు దొంగ సరుకు అమ్ముతాడా?"

"ఈ కుళ్ళంతా ఎందుకు తీయరు?"

"బద్ధకం అండి."

ముత్యాలరాజు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

"ఆ మామ్మగారు నా మీద పంచాయితీ కూడా పెట్టేరు, దోమలు నా తోటలోంచే వస్తున్నాయని," అన్నాడు జగ్గారావు. "ఆ పిల్ల పోయినప్పుడు నేనూ ఏడిచేనండి. కానీ తోటని ఇల్లూడ్చినట్టు ఎవడూడుస్తాడు చెప్పండి."

దుర్గాశ్రీ వినడం లేదు. ఆమె కళ్ళు పక్కనున్న చెట్టు మీద ఉన్నాయి. మొద్దు మీద అక్కడక్కడా చిన్న ముక్కలు పొడుచుకొచ్చి ఉన్నాయి. కొన్ని ఎండిపోయాయి. కొన్ని ఇంకా లేతగా ఉన్నాయి.

"ఇవేంటి?"

"తొడిమలండి. కాయ కోసేటప్పుడు కత్తెరతో కోస్తాం. ఆ ముక్క చెట్టుకి ఉండిపోద్ది."

"చేత్తో లాగితే?"

"బెరడు ఊడిపోద్దండి. ఆ చోట మళ్ళీ పువ్వు రాదు. మచ్చ పడిపోద్ది."

దుర్గాశ్రీ మళ్ళీ బూట్లు విప్పి మంగరాజు తోటలోకి వెళ్ళింది. టార్చి తీసింది. ఒక వరస ఆమె, ఒక వరస ముత్యాలరాజు. మొద్దులు కింద నుంచి పైదాకా చూశారు. తడిమారు.

తొడిమలు ఉన్నాయి. కానీ అన్నీ పాతవి, నల్లగా ఎండి, ముట్టుకుంటే పొడి అయ్యేవి. పోయిన ఏడాది కోతవి. లేత ముక్క ఒక్కటి లేదు. లాగిన మచ్చా లేదు.

ముత్యాలరాజు నడుం పట్టుకుని నిటారుగా నుంచున్నాడు.

"దొంగ తొడిమలు కూడా ఏరుకెళ్ళాడా మేడం?"

"ఇక్కడ ఎవరూ ఏమీ కోయలేదు రాజుగారూ."

"మరి కాయలు?"

"పోయాయి పోయాయి అంటున్నారు. అసలు వచ్చాయో లేదో ఎవరైనా చూశారా?"

తోట మూల చెత్త తగలబెట్టే గొయ్యి. నిన్న ఊడ్చింది ఇంకా కాలలేదు. ఎండు పుల్ల తీసుకుని కెలికింది. ఆకులు. పీచు. వాటి మధ్య అటుకుల్లాంటివి కొన్ని. గుప్పెడు తీసి అరచేతిలో పరిచింది.

పువ్వులు. గోరంత ఉన్నాయి. తెల్లగా, కాస్త గులాబి రంగు కలిసి. ఎండిపోయాయి. గొయ్యి నిండా అవే.

ఎవిడెన్స్ కవర్ తీసి అందులో పోసింది. తరువాత హార్టికల్చర్ ఆఫీసర్ హర్షకి ఫోన్ చేసింది.

*

హర్ష సాయంత్రం వచ్చాడు. వయసు ముప్పై లోపు. మెడలో చిన్న లెన్స్ వేలాడుతోంది. కనకరత్నం అతని చేతా చెప్పులు విప్పించింది.

"పూత బాగానే ఉంది," అన్నాడు మొద్దు మీదకి వంగి. "పిందె లేదు. పువ్వు పూసినట్టే పూసి రాలిపోతోంది."

"రోగమా?"

"రోగం అయితే చెట్టు చెప్తుంది. ఇది చూడండి." లెన్స్ ఆమె చేతికిచ్చాడు. "పువ్వు తలకిందులుగా వేలాడుతుంది. పుప్పొడి ఈ చిన్న మూతల లోపల. గాలికి రాలదు. తేనెటీగ పట్టదు. ఇందులో దూరగలిగేది ఒకటే ఈగ. ఆవగింజలో సగం కూడా ఉండదు. అది ఒక చెట్టు పుప్పొడి ఒంటికి పూసుకుని ఇంకో చెట్టు పువ్వులో దూరితేనే కాయ. లేకపోతే లేదు."

"తిండి తినేవాళ్ళం మనం, కష్టపడేది అదన్నమాట," అన్నాడు ముత్యాలరాజు.

"కూలీ లేకుండా సార్."

దుర్గాశ్రీ అడిగింది. "ఆ ఈగ ఎక్కడుంటుంది?"

"కుళ్ళులోనండి. అరటి బోదెలు, కోకో తొక్కలు, తడి ఆకులు. అక్కడే గుడ్లు పెడుతుంది. అక్కడే పిల్లలు..."

హర్ష ఆగిపోయాడు. కిందకి చూశాడు. తన ఉత్త పాదాలు. దువ్విన నేల. కంచె పక్కన ఒక్క వరసకే కాయలు. కంచె అవతల జగ్గారావు చెత్త.

"అయ్యో," అన్నాడు.

"పొగ మిషను?" అంది దుర్గాశ్రీ.

"దోమని చంపేది దీన్నీ చంపుతుంది. పొగ ఎవరినీ పేరు అడగదు కదండీ."

"రుజువు కావాలి. ఊరు ముందు పెట్టగలిగేది."

హర్ష ఆలోచించాడు.

"ఈగ పని నేను చేస్తాను. సన్న కుంచె ఉంటే చాలు. జగ్గారావుగారి చెట్ల పుప్పొడి తెచ్చి ఇక్కడి పువ్వులకి అంటిస్తా. అంటించిన వాటికి ఎర్ర దారం కడదాం. అంటించని వాటికి తెల్ల దారం. ఈగ తాకని పువ్వు ఒకటి రెండు రోజుల్లో రాలిపోతుంది. తాకింది నిలుస్తుంది."

బుధవారం తెల్లవారగానే పని మొదలైంది. ఒక ప్రభుత్వ ఉద్యోగి కుంచెతో, ఒక హెడ్ కానిస్టేబుల్ దారపు ఉండతో. కంచె అవతల జగ్గారావు బీడీతో.

"పువ్వులకి పెళ్ళిళ్ళు చేస్తున్నారాండీ?" అన్నాడు.

"శుభలేఖ ఇవ్వలేదని కోపం పెట్టుకోకండి," అన్నాడు ముత్యాలరాజు దారం ముడి వేస్తూ.

తోట చుట్టూ ఇద్దరు కానిస్టేబుళ్ళు కాపలా. గోదావరిలో పడవలు తిరుగుతూనే ఉన్నాయి. సాలమోను జాడ లేదు.

*

శనివారం ఉదయం దుర్గాశ్రీ అందర్నీ తోటకి పిలిపించింది.

మంగరాజు, కనకరత్నం, జగ్గారావు. సంఘపెద్ద దానం, రిటైర్డ్ మాస్టారు, ఇస్త్రీ చొక్కాలో. సుందరమ్మ అందరికీ దూరంగా నుంచుంది. కంచె మీంచి సగం ఊరు తొంగిచూస్తోంది.

"ఈ తోటలో దొంగతనం జరగలేదు," అంది దుర్గాశ్రీ.

గుసగుసలు.

"కాయ కోస్తే తొడిమ మిగలాలి. లాగితే మచ్చ మిగలాలి. ఈ చెట్లకి రెండూ లేవు. పోయిన కోత తరువాత ఈ మొద్దులకి కత్తెర తగల్లేదు. అంటే కాయలు ఎవరూ తీసుకెళ్ళలేదు. కాయలే రాలేదు."

"పూత వచ్చింది కదండీ," అన్నాడు మంగరాజు.

కవర్ విప్పి ఎండిన పువ్వులు ఆయన చేతిలో పోసింది.

"వచ్చింది. రోజూ రాలింది. రోజూ ఊడ్చేశారు. అందుకే ఎవరికీ కనబడలేదు."

హర్ష దారం కట్టిన చెట్టు చూపించాడు. తెల్ల దారాలు ఖాళీగా వేలాడుతున్నాయి. ఎర్ర దారాల దగ్గర పువ్వులు చాలావరకూ నిలిచాయి. రేకులు వాడినా కాడ పట్టు వదల్లేదు. ఈగ సంగతి, కుళ్ళు సంగతి, పొగ సంగతి చెప్పాడు.

"చివరి వరసకి ఎందుకు కాసింది?" అంది దుర్గాశ్రీ. "ఆ పక్కన జగ్గారావుగారి చెత్త ఉంది కాబట్టి. అక్కడి ఈగలు అంతవరకే రాగలిగాయి. దాటి లోపలికి వచ్చినవి బతకలేదు."

"నా బద్ధకానికి ఇంత పనుందని నాకే తెలీదు," అన్నాడు జగ్గారావు. ఎవరూ నవ్వలేదు.

మంగరాజు చేతిలో పువ్వుల వైపే చూస్తున్నాడు.

"ఊడవకపోతే దోమలు కదండీ," అన్నాడు హర్షతో. "పాప దోమ కుట్టే కదా..."

హర్ష ఇబ్బందిగా కదిలాడు.

"డెంగ్యూ దోమ ఆకుల కుళ్ళులో పుట్టదండి. మంచినీళ్ళలో పుడుతుంది. డ్రమ్ములు, పూలకుండీలు, డాబా మీద నీళ్ళు నిలిచిన డబ్బాలు. ఇంటి దగ్గరే."

"అయితే ఇన్నాళ్ళూ మేం తగలబెట్టింది ఏంటండీ?"



కనకరత్నం చేతిలో చీపురు అలాగే ఉంది. దుర్గాశ్రీ ఆమె దగ్గరకి వెళ్ళింది. గొంతు తగ్గించింది.

"మామ్మగారూ. రేపు చర్చి దగ్గర ఒక్క మాట చెప్తారా? సాలమోను తప్పు లేదు, మేం చెప్పిన పనే చేశాడు అని. మీరు చెప్తే ఊరు నమ్ముతుంది."

"ఏమని చెప్పనమ్మా?"

"జరిగింది చెప్పండి."

"నా మనవరాలి కోసం నేను చేసిందంతా పనికిరాదు అని చెప్పనా? ఆ దోమ తోటలో లేదంట, ఇంట్లోనే ఉందంట, నేను చూసుకోలేదంట అని చెప్పనా?" ముసలావిడ కళ్ళలో నీళ్ళు లేవు. "సాలమోను మంచోడే. నాకు తెలుసు. కానీ ఆ మాట నా నోటంట రాదు. నన్ను వదిలెయ్యండి."

వంగి, చెట్టు మొదట్లో పడిన ఆకుని చీపురుతో పక్కకి తీసింది.

మంగరాజు గేటు దాకా వచ్చాడు.

"కంప్లైంట్ వెనక్కి తీసుకుంటానండి. అంతకుమించి అమ్మ బతికుండగా నన్నడక్కండి."

దానం మాస్టారు మరింత మర్యాదగా చెప్పాడు.

"మీరు చెప్పారు కాబట్టి నేను నమ్ముతున్నానమ్మా. సంఘంలో అందరూ సైన్సు చదువుకున్నవాళ్ళు కాదు. కంటికి కనబడని ఈగ మీద నేరం పెట్టి మనిషిని వదిలేశారంటారు. కొన్నాళ్ళు పోనివ్వండి."

అన్నట్టే అయింది. సాయంత్రానికి టీ కొట్టు దగ్గర కొత్త కబురు. దొంగ దొరికాడట. ఎవరు? ఈగట. స్టేషన్లో పెట్టారా? పెట్టారు, అగ్గిపెట్టెలో. సాలమోను ఎస్సైగారికి ఎంత ముట్టజెప్పాడో అని ఒకడన్నాడు. సుందరమ్మ పాల ప్యాకెట్ కొనకుండా వెనక్కి తిరిగింది.

దుర్గాశ్రీ స్టేషన్లో కూర్చుని కేసు మూసేసింది. మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్. నేరం జరగలేదు. చేతులు దులుపుకునేంత శుభ్రంగా తేలిన కేసు. అయినా కుర్చీలోంచి చాలాసేపు లేవలేదు.

*

ఆదివారం సుందరమ్మ ఫోన్‌కి ఒక కాల్ వచ్చింది. కొత్త నంబరు. అవతల మాట లేదు. ఊపిరి ఉంది. వెనక నీళ్ళు కొడుతున్న చప్పుడు.

"ఆయనేనండి," అంది స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చి. "హలో అంటే పెట్టేసేరు. ఉన్నారండి. ఉన్నారు."

నంబరు ముమ్మిడివరం దగ్గర ఒక రొయ్యల చెరువు సూపర్‌వైజర్‌ది. కొత్త కాపలాదారు అడిగితే ఇచ్చానన్నాడు.

దుర్గాశ్రీ, ముత్యాలరాజు జీపులో బయల్దేరారు. సుందరమ్మని రమ్మంటే రాలేదు.

"నన్ను చూస్తే నా కోసం వచ్చేస్తారండి. అలా వద్దు. మాట చెప్పండి. దానికోసం రానివ్వండి."

చెరువులో ఏరేటర్ల చక్రాలు నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి. గట్టు మీది తాటాకు పాకలోంచి సాలమోను బయటకి వచ్చాడు. యాభై దాటిన మనిషి. గడ్డం మాసింది. యూనిఫాం చూడగానే రెండు చేతులూ కట్టుకున్నాడు.

"సాలమోనుగారూ, మీ మీద కేసు లేదు," అంది దుర్గాశ్రీ. "దొంగతనం జరగలేదని తేలింది. మీరు ఏ తప్పూ చేయలేదు."

ఆయన మొహంలో వెలుగు వచ్చింది. ఒక్క క్షణం.

"కాయలెవరు తీశారండీ?"

చెప్పింది. ఈగ. కుళ్ళు. చీపురు. పొగ. ఆయన అడ్డు మాట్లాడకుండా విన్నాడు.

"పొగ పట్టింది నేను కదండీ."

"చెప్పిన పని చేశారు."

"చెప్పకపోయినా చేసేవాణ్ణండి. పాపని ఎత్తుకుని కారు దాకా పరిగెత్తింది నేను. ఒళ్ళు కాలిపోతోంది. సాలమోను తాతా దాహం అంది. అందుకే ఒక్క పూట మానలేదు. మామ్మగారు మర్చిపోయినా నేను మర్చిపోలేదు." కాసేపు నీళ్ళ వైపు చూశాడు. "పూత చూసి సంబరపడేవాణ్ణి కూడాను. ఈసారి బాగా పట్టుద్ది అనుకునేవాణ్ణి."

"ఇంటికి రండి. సుందరమ్మగారు ఎదురుచూస్తున్నారు."

"ఊళ్ళో ఏమంటున్నారండీ?"

దుర్గాశ్రీ సర్వీసులో ఎంతోమందితో అబద్ధం ఆడింది. దొంగల చేత నిజం చెప్పించడానికి అది మామూలే. ఈ మనిషి ముందు నోరు రాలేదు.

ముత్యాలరాజు అందుకున్నాడు. "నవ్వుకుంటున్నారు. నాలుగు రోజులు పోతే మర్చిపోతారు."

"ఎవర్ని చూసండీ?"

ముత్యాలరాజు దగ్గర జోకు లేదు.

"మంగరాజుగారు ఏమన్నారు?"

"కంప్లైంట్ వెనక్కి తీసుకున్నారు."

"నలుగురిలో అన్నారాండీ?"

"లేదు."

"దానంగారు?"

"కొన్నాళ్ళు ఆగమన్నారు."

సాలమోను తలూపాడు. ఏదో నిర్ణయానికి వచ్చినట్టు కట్టుకున్న చేతులు విప్పాడు.

"మేడంగారూ. నన్ను అరెస్ట్ చెయ్యండి."

"ఏంటి?"

"కోర్టులో పెట్టండి. సాక్షుల్లేరు, సరుకు లేదు. ఎన్నాళ్ళకైనా జడ్జిగారు కొట్టేస్తారు. నిర్దోషి అని పైకి చదువుతారు కదండీ. ఊళ్ళో ఎవరి మాటైనా కాదంటారు గానీ కోర్టు మాట కాదనరు. అప్పటిదాకా జైల్లో ఉండమన్నా ఉంటానండి. నాకేం పర్లేదు."

"అలా కుదరదు సాలమోనుగారూ."

"ఎందుకండీ? దొంగ అని అందరూ అన్నారు. కాదని ఒక్కరైనా చదవాలి కదండీ."

"కోర్టుకి వెళ్ళాలంటే నేరం ఉండాలి. ఇక్కడ నేరమే లేదు. జరగని దొంగతనానికి నేను ఎవర్నీ బోనెక్కించలేను. ఫైలు మూసేశాం."

"ఎవరు మూసేరండీ?"

"నేనే."

గాలికి నీటి తుంపర వచ్చి ముగ్గురి మీదా పడింది. సాలమోను భుజం మీద తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ అడిగాడు, ఏదో బస్సు టైము అడిగినట్టు, నెమ్మదిగా.

"తెరవడానికి అవ్వదాండీ?"

"అవ్వదు."

చెరువు అవతల నుంచి సూపర్‌వైజర్ కేకేశాడు. మేత వేసే వేళయింది.

"ఆయ్," అన్నాడు సాలమోను.

ఎవరికి అన్నాడో తెలియలేదు. మేత బస్తా భుజాన వేసుకుని గట్టు వెంట నడుచుకుంటూ వెళ్ళాడు.